స్వేచ్ఛావాదం - మూడవ పక్షం : ఒక పరిశీలన

గత విద్యాసంవత్సరంలో మన కళాశాలలో జరిగిన వక్తృత్వ పోటీలోని ఒక చిన్న సంఘటనతో ఈ వ్యాసాన్ని ప్రారంభిస్తాను. ‘పేదరికం తొలగిపోవలెనంటే ప్రభుత్వ అధికారం పెరగవలెను’ అన్నది ఆనాటి చర్చనీయాంశం. వేదికకు ఒక ప్రక్క అనుకూలంగా మాట్లాడేవారికి ఒక బల్ల, మరొక ప్రక్క ప్రతికూలంగా మాట్లాడేవారికి ఒక బల్ల వేయించినాము. పేరు పిలువగానే లేచిన ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని ఒకతె రెండు బల్లల నడుమ నిలబడి, “సార్, ఈ రెండు పక్షాలలో ఏదీ నాకు పూర్తిగా సమ్మతం కాదు. నేను ఎక్కడ కూర్చోవాలి?” అని అడిగినది. సభలో నవ్వులు వినిపించినవి. న్యాయనిర్ణేతలలో ఒకడినైన నేను గడియారం చూచుకొని, “ఏదో ఒక ప్రక్క కూర్చో అమ్మా, వేళ మించిపోతున్నది” అన్నాను. ఆమె కూర్చున్నది. తన మాటలు కాని మాటలు నాలుగు నిమిషాలు చెప్పి దిగిపోయినది.

రాజనీతిశాస్త్రం బోధించే వాడిని నేను. ప్రజాస్వామ్యంలోని అతి పాతదైన ప్రశ్నను ఒక విద్యార్థిని సూటిగా అడిగితే, నేను ఆమెకు గడియారం చూపించినాను. ఆ ఋణం తీర్చుకోవటానికే ఈ వ్యాసం.

ఆమె అడిగిన ప్రశ్ననే అమెరికా దేశంలో కొందరు 1971వ సంవత్సరంలో అడిగినారు. ఉన్న రెండు పెద్ద పార్టీలలో ఏదీ సమ్మతం కాక, తమ బల్ల తామే వేసుకొన్నారు. దానికి లిబర్టేరియన్ పార్టీ అని పేరు. వారి సిద్ధాంతం నిజంగా ఏమి చెబుతున్నది? అందులో మనవంటి వారు గ్రహించదగినది ఏమి, గ్రహించరానిది ఏమి? గెలవదని తెలిసిన మూడవ పక్షానికి ఓటు వేయటం వివేకమా, అవివేకమా? ఈ ప్రశ్నలకు నాకు తోచిన సమాధానాలను విద్యార్థుల ముందు, కళాశాల సంఘం వారి ముందు ఉంచుతున్నాను.

ఏమిటి ఈ స్వేచ్ఛావాదం?

లిబరలిజాన్ని మనవారు ఉదారవాదం అంటున్నారు కనుక, లిబర్టేరియనిజానికి స్వేచ్ఛావాదం అనే పేరు వాడుతున్నాను. దీని మూలసూత్రం సులభమైనది. ప్రతి మనిషి తన దేహానికి, తన శ్రమకు తానే యజమాని. ఇతరుని మీద ముందుగా బలప్రయోగం చేసే హక్కు ఎవరికీ లేదు. ఇంతవరకు అందరూ ఒప్పుకొనేదే. స్వేచ్ఛావాది దీని మీద ఒక ప్రశ్న వేస్తాడు. పొరుగువాని పెట్టె తెరిచి సొమ్ము తీసుకొనే హక్కు నాకు లేనప్పుడు, నాకు లేని ఆ హక్కును నేనూ, నావంటి వేయిమందీ కలిసి ప్రభుత్వానికి ఎట్లా ఇవ్వగలము? ఓట్లు లెక్కపెట్టి చేసినంత మాత్రాన బలవంతం బలవంతం కాకుండా పోతుందా?

ఈ భావానికి వంశవృక్షం పెద్దది. 1689లో వెలువడిన జాన్ లాక్ గ్రంథం జీవితం, స్వేచ్ఛ, ఆస్తి అనే హక్కులు ప్రభుత్వం కంటె ముందువని వాదించినది. 1859లో జాన్ స్టువర్ట్ మిల్ ‘ఆన్ లిబర్టీ’ అనే గ్రంథంలో, ఇతరులకు హాని కలుగకుండా ఆపటానికి తప్ప వ్యక్తి స్వేచ్ఛలో జోక్యం చేసుకొనే అధికారం ఎవరికీ లేదని ప్రతిపాదించినాడు. 1944లో హయెక్, ఆర్థిక వ్యవస్థనంతా ప్రభుత్వమే నడపబూనితే మనుషులను కూడా అదే నడపవలసి వస్తుందని హెచ్చరించినాడు. 1974లో హార్వర్డ్ ఆచార్యుడు రాబర్ట్ నోజిక్ ఈ వాదానికి పండితుల సభలో గౌరవస్థానం సంపాదించినాడు. దొంగలనుండి, దౌర్జన్యం నుండి, మోసం నుండి కాపాడి, ఒప్పందాలను అమలుపరచే ప్రభుత్వానికి మాత్రమే నైతిక సమర్థన కలదని ఆయన సిద్ధాంతం.

స్వేచ్ఛావాదులందరూ ఒకే మాట మీద లేరన్నది గుర్తుంచుకోవలెను. రోత్‌బార్డ్ వంటివారు ప్రభుత్వమే అక్కరలేదన్నారు. హయెక్ మాత్రం సంపన్న సమాజంలో నిరాధారులకు కనీస ఆదాయం కల్పించటంలో తప్పు లేదన్నాడు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ పాఠశాలలను ప్రభుత్వం నడపనక్కరలేదని, పిల్లవాని చదువుకు సొమ్ము ఇచ్చి పాఠశాలను ఎన్నుకొనే స్వేచ్ఛను తల్లిదండ్రులకు వదలవలెనని 1955లోనే వ్రాసినాడు. మన రాష్ట్రాలలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుకొంటున్న విద్యార్థులకు ఈ ఏర్పాటు అపరిచితం కాదు. కళాశాలను విద్యార్థి ఎన్నుకొంటున్నాడు, రుసుము ప్రభుత్వం చెల్లిస్తున్నది. దానిని ప్రవేశపెట్టినవారు ఫ్రీడ్‌మన్ శిష్యులు కారు, సంక్షేమవాదులు. ఒకే ఏర్పాటును రెండు విరుద్ధ సిద్ధాంతాలు సమర్థించగలవనటానికి ఇదొక నిదర్శనం.

కుడి, ఎడమ అనే పాత విభజన ఈ వాదానికి సరిపోదు. మన వార్షిక సంచిక ఎడమ ప్రక్క నుండి తెరిస్తే తెలుగు, కుడి ప్రక్క నుండి తెరిస్తే ఉర్దూ. ముఖపత్రాలు రెండే అయినా లోపలి విషయాలు రెండే కావు కదా! లిబర్టేరియన్ పార్టీ స్థాపకులలో ముఖ్యుడైన డేవిడ్ నోలన్ 1971లో ఇదే సంగతిని ఒక పటంగా గీచి చూపినాడు. ఒక రేఖ మీద ఆర్థిక స్వేచ్ఛ, మరొక రేఖ మీద వ్యక్తిగత స్వేచ్ఛ. కొందరు వ్యాపారానికి స్వేచ్ఛ ఇచ్చి వ్యక్తిగత జీవితాన్ని కట్టడి చేయవలెనంటారు. కొందరు వ్యక్తిగత జీవితానికి స్వేచ్ఛ ఇచ్చి వ్యాపారాన్ని కట్టడి చేయవలెనంటారు. కొందరు రెండింటినీ కట్టడి చేస్తారు. రెండింటికీ స్వేచ్ఛ కోరేవారే స్వేచ్ఛావాదులు. కనుకనే నిర్బంధ సైనికసేవ వద్దు, పత్రికల మీద ఆంక్షలు వద్దు అన్న నోటితోనే, దిగుమతి సుంకాలు వద్దు, ధరల నియంత్రణ వద్దు అనగలుగుతున్నారు.

పార్టీగా మారిన సిద్ధాంతం

1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ వేతనాలను, ధరలను స్తంభింపజేసి, డాలరుకు బంగారంతో మిగిలిన సంబంధాన్ని త్రెంచివేసినాడు. వియత్నాం యుద్ధం నడుస్తున్నది, యువకులను సైన్యంలోనికి బలవంతంగా తీసుకొంటున్నారు. వ్యాపార స్వేచ్ఛను కాపాడుతానన్న పార్టీయే ధరలు నిర్ణయించటం కొందరికి సహించరానిదైనది. ఆ సంవత్సరం డిసెంబరులో కొలరాడో రాష్ట్రంలో లిబర్టేరియన్ పార్టీ వెలసినది.

1972లో ఆ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి తత్త్వశాస్త్ర ఆచార్యుడు జాన్ హాస్పర్స్, ఉపాధ్యక్ష పదవికి టోనీ నేథన్ అనే మహిళ పోటీ చేసినారు. రెండు రాష్ట్రాలలో మాత్రమే వారి పేర్లు బ్యాలట్ పత్రం మీదికి ఎక్కినవి. వచ్చిన ఓట్లు నాలుగు వేల లోపే. అయినా చరిత్రలో వారికొక చోటు దొరికినది. వర్జీనియాలో రిపబ్లికన్ పార్టీ తరఫున ఎన్నికైన ఎలెక్టరు ఒకరు తన పార్టీని కాదని వీరిద్దరికి ఓటు వేసినాడు. అమెరికా చరిత్రలో ఎలెక్టరు ఓటు పొందిన మొదటి మహిళ, గెలిచే ఆశ లేని ఈ పార్టీకి చెందినదే.

1980లో ఎడ్ క్లార్క్ అన్ని రాష్ట్రాలలోను పోటీ చేసి 9 లక్షల 20 వేలకు పైగా ఓట్లు పొందినాడు. అది ఒక శాతానికి కొంచెం ఎక్కువ. 2016లో గారీ జాన్సన్‌కు సుమారు 45 లక్షల ఓట్లు, అనగా 3.3 శాతం వచ్చినవి. ఆ పార్టీ నేటివరకు చేరుకొన్న శిఖరం అదే. 2020లో జో జార్గెన్‌సన్‌కు 1.2 శాతం వచ్చినవి. 2024లో చేస్ ఆలివర్‌కు వచ్చినవి సుమారు ఆరున్నర లక్షలు, అర శాతం కూడ లేవు. అర్ధ శతాబ్దపు శ్రమకు ఫలితం ఇంతే. ఈ అంకెలు చూచి నవ్వి ఊరకుండవచ్చును. కాని నవ్వుటకు ముందు రెండు సంగతులు పరిశీలించవలెను. మొదటిది, ఆ సిద్ధాంతంలోని లోపం. రెండవది, ఆ దేశపు ఎన్నికల పద్ధతిలోని లోపం. ఈ రెండింటినీ కలగాపులగం చేయరాదు.

రెండు భయాలు

మొదట సిద్ధాంతం. సంఖ్యలో తక్కువైన వారికి లోకంలో రెండు భయాలు ఉంటవి. ఒకటి, అర్ధరాత్రి తలుపు తట్టే ప్రభుత్వపు చేయి. రెండవది, పట్టపగలు అడ్డంగా ఊగే పొరుగువాని తల.

మొదటి భయం విషయంలో స్వేచ్ఛావాది మనకు గట్టి మిత్రుడు. విచారణ లేని నిర్బంధం, పుస్తకాల నిషేధం, వ్యక్తిగత జీవితం మీద నిఘా, ఎవరు ఏమి తినవలెను, ఎవరిని వివాహమాడవలెను అని చట్టం నిర్ణయించటం, ఇవన్నీ అతనికి అన్యాయాలే. బాధితుడు ఏ మతస్థుడు, ఏ భాషవాడు అని అడుగడు. మన ఓట్లు ఎన్ని అని లెక్కించడు. ఎక్కువమంది చేయి ఎత్తినంత మాత్రాన ఒక్కని హక్కు పోదని నమ్మే సిద్ధాంతం, ఎప్పటికీ ఎక్కువమంది కాలేని వారికి ఆదరణీయమే.

రెండవ భయం దగ్గర అతడు తడబడతాడు. మన వసతిగృహంలో చోటు దొరకని విద్యార్థి ఒకడు ఊరిలో గది వెదకినాడు. పేరు అడిగేవరకు గది ఖాళీగానే ఉన్నది. పేరు చెప్పగానే, “మా బంధువులు వస్తున్నారు నాయనా” అన్నారు. ఆరు ఇండ్లలో ఆరు విధాలుగా అదే సమాధానం. ఈ వాక్యాలు చదువుతున్న వారిలో అనేకులకు ఇది కొత్త కథ కాదు. స్వేచ్ఛావాదం ప్రకారం ఆ గృహస్థులు ఎవరి మీదా బలప్రయోగం చేయలేదు. ఇల్లు వారిది, నిర్ణయం వారిది. ఆ పిల్లవానికి కలిగినది దుఃఖమే గాని, అతని హక్కుకు భంగం కలుగలేదు.

అమెరికా ఈ ప్రశ్నను చాల బాధతో ఎదుర్కొన్నది. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరొలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి కళాశాల విద్యార్థులు వుల్వర్త్ దుకాణంలోని ఫలాహారశాలలో, తెల్లవారికి మాత్రమే అయిన బల్ల ముందు కూర్చున్నారు. వారికి వడ్డించలేదు. దుకాణం మూసేవరకు వారు లేవలేదు. మరునాడు మరికొందరు విద్యార్థులు వచ్చినారు. స్వేచ్ఛావాదులు ఈ విషయంలో చెప్పే రెండు మాటలను న్యాయంగా వినవలెను. దక్షిణ రాష్ట్రాలలో జాతుల వేర్పాటును చట్టంచేసి బలవంతంగా అమలు జరిపినది ప్రభుత్వాలేనన్నది మొదటి మాట. ఆ దుకాణం అదే సంవత్సరం జూలైలో దిగివచ్చినది కొత్త చట్టానికి భయపడి కాదు, బహిష్కారం వలన కలిగిన నష్టానికి భయపడి అన్నది రెండవ మాట. రెండూ నిజమే. కాని దక్షిణ దేశమంతటా వేల హోటళ్ళ తలుపులు తెరిపించటానికి 1964 నాటి పౌరహక్కుల చట్టం కావలసి వచ్చినది. ప్రభుత్వ వివక్షను నిషేధించిన భాగాన్ని మెచ్చుకొని, ప్రైవేటు యజమానిని బంధించిన భాగాన్ని ఒప్పుకొనలేని స్వేచ్ఛావాదులు నేటికీ ఉన్నారు.

ఈ లోపాన్ని కనిపెట్టినవారు స్వేచ్ఛకు శత్రువులు కారు. మిల్ తన గ్రంథంలోనే, సమాజపు నిరంకుశత్వం ప్రభుత్వపు నిరంకుశత్వం కంటె లోతుగా మనిషిని పట్టగలదని వ్రాసినాడు. 1947లో డాక్టర్ అంబేడ్కర్ ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ అనే రచనలో మరింత స్పష్టంగా చెప్పినారు. ప్రభుత్వం తప్పుకొన్నచోట మిగిలే స్వేచ్ఛ ఎవరిది? అది అద్దెలు పెంచే భూస్వామిది, పనిగంటలు పెంచే యజమానిది. ఆయన ఆలోచనా సారం ఇది. మన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలలోను, హోటళ్ళలోను, బావుల వద్దను వివక్షను నిషేధించి, పొరుగువాని మీద కూడా ఒక కాపలా పెట్టినది.

అయితే ఈ కత్తికి రెండు వైపులా పదును ఉన్నది. 2005లో సుప్రీంకోర్టు గుజరాత్‌లోని పార్సీల గృహనిర్మాణ సహకార సంఘం, సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకోవచ్చునని తీర్పు ఇచ్చినది. కూడి ఉండే స్వేచ్ఛ ఒక చిన్న సమాజాన్ని నిలబెట్టినది. అదే స్వేచ్ఛ పెద్ద సమాజం చేతిలో పడితే మన విద్యార్థికి గది దొరకదు. ‘మావారు మాత్రమే’ అన్న మాట బలహీనుని నోట రక్షణ, బలవంతుని నోట బహిష్కారం. ఈ తేడాను స్వేచ్ఛావాదం గుర్తించదు. నాకు తోచిన దాని ప్రధాన లోపం ఇదే.

వ్యర్థమైన ఓటు అనే మాట

ఇక రెండవ సంగతి. గెలవని వానికి ఓటు వేస్తే వ్యర్థమా?

ఒక్కొక్క స్థానంలో అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే పద్ధతి ఉన్నచోట రెండు పార్టీలే నిలుస్తవని ఫ్రెంచి పండితుడు డువెర్జే 1951లో సూత్రీకరించినాడు. అమెరికాలో ఈ పద్ధతికి మరికొన్ని అడ్డుగోడలు తోడైనవి. చిన్న పార్టీ ప్రతి రాష్ట్రంలోను వేరువేరు నిబంధనల ప్రకారం సంతకాలు సేకరిస్తేనే బ్యాలట్‌లో పేరు ఉంటుంది. 2000 నుండి 2020 వరకు అధ్యక్ష అభ్యర్థుల చర్చలలో పాల్గొనాలంటే అభిప్రాయ సేకరణలలో 15 శాతం మద్దతు చూపవలసి ఉండెను. చర్చలో కనిపించనిదే మద్దతు రాదు, మద్దతు లేనిదే చర్చలో కనిపించే వీలు లేదు. 1992లో రాస్ పెరో దేశం మొత్తం మీద దాదాపు 19 శాతం ఓట్లు పొందినా ఒక్క ఎలెక్టరు ఓటు కూడా రాలేదు. 1968లో జార్జి వాలెస్ అంతకంటె తక్కువ ఓట్లతో 46 ఎలెక్టరు ఓట్లు సంపాదించినాడు. అతని బలమంతా దక్షిణ రాష్ట్రాలలో కుదురుగా ఉండటమే కారణం. మన తెలుగుదేశం పార్టీ 1982 మార్చిలో పుట్టి 1983 జనవరిలో రాష్ట్రాధికారం చేపట్టటంలోని రహస్యం కూడా కొంత ఇదే. ఒకేచోట కుదురుకొన్న బలం గెలుస్తుంది, దేశమంతటా పలుచగా పరచుకొన్న భావం ఓడిపోతుంది. స్వేచ్ఛావాదానికి సొంత ఊరు లేదు.

ఓడిపోయే పక్షానికి వేసిన ఓటు ఒక్కొక్కప్పుడు గెలుపునే మార్చివేస్తుంది. 2000 సంవత్సరంలో ఫ్లారిడా రాష్ట్రంలో బుష్‌కు, గోర్‌కు తేడా 537 ఓట్లు. అక్కడ గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు 97 వేలకు పైగా, లిబర్టేరియన్ అభ్యర్థి హారీ బ్రౌన్‌కు 16 వేలకు పైగా ఓట్లు వచ్చినవి. దేశాధ్యక్షుడు ఎవరన్నది ఆ 537 ఓట్లే తేల్చినవి.

కనుక “మనస్సాక్షి ప్రకారం ఓటు వేయి” అని ఊరకే బోధించలేను. ఎవరు గెలిచినా తన వీధిలో తనకు భద్రత ఉంటుందని నమ్మగలవాడు మూడవ పక్షాన్ని తేలికగా ఎన్నుకొంటాడు. ఎవరు గెలుస్తారో అన్న దాని మీద తన ఇంటి క్షేమం ఆధారపడి ఉన్నవాడు, తక్కువ హాని చేసేవానికి ఓటు వేస్తాడు. అతనిని పిరికివాడని నిందించటం అన్యాయం. కాని రెండవ ప్రక్క కూడా చూడవలెను. భయంతో తప్ప వేరే విధంగా ఓటు వేయని వానికి ఏ పార్టీ ఏమీ ఇవ్వనక్కరలేదు. “నీకు మరో గతి ఏమున్నది?” అన్నదే అతనికి దక్కే ఎన్నికల వాగ్దానం.

ఈ చిక్కుకు మందు ఓటరు గుండెలో కంటె బ్యాలట్ పత్రంలో వెదకవలెను. పట్టభద్రుల నియోజకవర్గాల నుండి శాసనమండలికి జరిగే ఎన్నికలలో మనకు మొదటి ప్రాధాన్యం, రెండవ ప్రాధాన్యం అని వరుసగా గుర్తించే అవకాశం ఉన్నది. మొదటి ఎంపిక ఓడిపోతే ఓటు రెండవ ఎంపికకు పోతుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2018 నుండి జాతీయ శాసనసభ ఎన్నికలలో ఇటువంటి పద్ధతినే అనుసరిస్తున్నది. ఆ పద్ధతిలో మనస్సాక్షికి మొదటి అంకె, జాగ్రత్తకు రెండవ అంకె వేయవచ్చును. మూడవ పక్షాన్ని కోరేవారు పార్టీ పెట్టటం కంటె ముందు ఈ మార్పు కోరవలెనని నా అభిప్రాయం.

మన దేశపు అనుభవం

స్వేచ్ఛావాదానికి దగ్గరి చుట్టమైన పార్టీ ఒకటి మన దేశంలోనూ పుట్టినది, అందులో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. 1959 జనవరిలో కాంగ్రెసు నాగపూరు సభలో ఉమ్మడి సహకార వ్యవసాయం గూర్చి తీర్మానం చేసినది. రైతు భూమి రైతుది కాకుండా పోతుందని గుంటూరు జిల్లాకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగా కాంగ్రెసును వదలినారు. ఆ సంవత్సరమే మద్రాసులో స్వతంత్ర పార్టీ ప్రకటింపబడినది. రాజాజీ దానికి ప్రాణం, రంగా మొదటి అధ్యక్షుడు, మీనూ మసానీ దాని వ్యూహకర్త. అడుగడుగునా అనుమతులు, లైసెన్సులు కోరే పాలనకు ‘పర్మిట్ - లైసెన్సు రాజ్యం’ అని రాజాజీ పెట్టిన పేరు నేటికీ నిలిచి ఉన్నది.

1962లో ఆ పార్టీకి లోక్‌సభలో 18 స్థానాలు, 1967లో 44 స్థానాలు వచ్చినవి. అప్పుడు ప్రతిపక్షాలలో అదే పెద్దది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కూడా 1967లో 29 స్థానాలు గెలుచుకొన్నది. 1971లో లోక్‌సభలో 8 స్థానాలకు కుంచించుకొనిపోయినది. 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయినది. ఓట్ల లెక్క ప్రకారం ఆ కథ అక్కడితో ముగిసినది.

భావాల లెక్క వేరు. 1991 జూలైలో పరిశ్రమలలో అధిక భాగానికి లైసెన్సుల విధానాన్ని రద్దుచేసిన ప్రభుత్వానికి అధిపతి తెలుగువాడైన పి.వి. నరసింహారావు. స్వతంత్ర పార్టీ ముప్పది సంవత్సరాల ముందు అడిగినదానిని, అది ఎవరితో పోరాడినదో ఆ కాంగ్రెసే చేసినది. అమెరికాలో సోషలిస్టు యూజీన్ డెబ్స్ అయిదుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసి అయిదుసార్లూ ఓడినాడు. వృద్ధాప్య భృతి, నిరుద్యోగ భృతి కోసం సోషలిస్టులు పెట్టిన కేకను 1935లో డెమొక్రాట్లు చట్టంగా మార్చినారు. మూడవ పక్షం తాను గెలువకపోయినా, గెలిచేవారి నోట తన మాట పలికించవచ్చును.

మరొక ఉదాహరణ నాకు మరింత ప్రియమైనది. 1975-77 అత్యవసర పరిస్థితిలో, అప్పటికి పార్టీ లేని మసానీ, తన ‘ఫ్రీడం ఫస్ట్’ పత్రిక వ్యాసాలను సెన్సారు అధికారి నిషేధిస్తే బొంబాయి హైకోర్టుకు వెళ్ళి 1976లో గెలిచినాడు. పెద్ద పార్టీల నాయకులు జైళ్ళలో ఉండగా, ఓడిపోయిన పార్టీకి చెందిన ఒక వృద్ధుడు స్వేచ్ఛకు న్యాయస్థానంలో తలుపు తెరిపించినాడు.

స్వతంత్ర పార్టీ లోపం కూడా చెప్పక తప్పదు. రైతు స్వేచ్ఛ కోసం బయలుదేరిన ఆ బండిలో రాజులు, జమీందారులు, పెట్టుబడిదారులు ఎక్కువగా ఎక్కినారు. భూమి లేనివానికి భూమి హక్కు గూర్చి చెబితే అతడు ఏమని వింటాడు? ఆస్తి లేనివానికి ఆస్తి స్వేచ్ఛ ఎదుటివాని ఇంటి విందు. ఆ విందుకు అతనిని పిలవటం తెలియని పార్టీ అతని ఓటును ఆశించలేదు.

మన కళాశాలకు సంబంధించిన మాట

చివరగా మన ఇంటి సంగతి. అల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణంలో ఇచ్చినది. 1974లో అహ్మదాబాదులోని సెయింట్ జేవియర్స్ కళాశాల వ్యాజ్యంలో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఈ హక్కును బలపరచినది. ఈ అధికరణంలోని మొదటి భాగం ప్రభుత్వాన్ని దూరంగా ఉండుమంటున్నది. సహాయధనం ఇచ్చేటప్పుడు అల్పసంఖ్యాకుల సంస్థ అన్న కారణంతో వివక్ష చూపరాదని రెండవ భాగం చెబుతున్నది. మొదటి భాగాన్ని ఏ స్వేచ్ఛావాది అయినా సంతోషంతో వ్రాసి ఉండును, రెండవ భాగాన్ని వ్రాసి ఉండడు. మన కళాశాల నిలిచినది రెండు భాగాల మీదను. ఒక దానిని తీసివేస్తే గోడలు ఉండవు, రెండవదానిని తీసివేస్తే విద్యార్థులు ఉండరు.

కనుక నా నిర్ణయం ఇది. ప్రభుత్వాన్ని ప్రశ్నించటం స్వేచ్ఛావాది నుండి నేర్చుకొందాము. పొరుగువానిని కూడా ప్రశ్నించవలెనని అతనికి మనం నేర్పుదాము. అతని పార్టీలో చేరనక్కరలేదు, అతని ప్రశ్నను చదవక తప్పదు. మూడవ పక్షానికి ఓటు వేయదలచినవారు ముందుగా తమను తాము మూడు ప్రశ్నలు అడుగుకొనవలెను. మిగిలిన ఇద్దరూ చెప్పని అవసరమైన మాట ఆ పక్షం చెబుతున్నదా? ఎన్నికలు లేని సంవత్సరాలలో కూడా పనిచేస్తున్నదా? నా ఓటు వలన ప్రమాదం వస్తే, ఆ ప్రమాదాన్ని భరించేది నేనా, నాకంటె బలహీనుడా?

కళాశాల సంఘం పెద్దలకు ఒక మనవి. ప్రభుత్వం ముందు మనం కోరే స్వేచ్ఛను మన గోడల లోపల మన విద్యార్థులకు ఇస్తున్నామా? గ్రంథాలయానికి పుస్తకాలు ఎన్నిక చేసేటప్పుడు, నియమాలు మార్చేటప్పుడు, వారి మాట అడుగుతున్నామా? హక్కు సంస్థకు దక్కినది, కాని అది ఎవరి కోసం దక్కినదో ఆ విద్యార్థి మౌనంగా కూర్చుంటే ఆ హక్కు సగమే.

ఖర్చు లేని పనితో ప్రారంభించవచ్చును. రానున్న వక్తృత్వ పోటీలో వేదిక మీద మూడవ బల్ల ఒకటి వేయించండి. దాని మీద కూర్చున్నవారికి కూడా నాలుగు నిమిషాలే ఇవ్వండి, బహుమతి న్యాయంగా తేల్చండి. వారి వాదం ఓడిపోవచ్చును. పోయిన సంవత్సరం రెండు బల్లల నడుమ నిలబడిన ఆ విద్యార్థిని ఇప్పుడు తృతీయ సంవత్సరంలో ఉన్నది. ఆమెకు ఇంకొక్క పోటీ మాత్రమే మిగిలినది.